క్యాసెట్టు పంతులమ్మ

మొన్న శ్రావణ శుక్రవారం మా మేనకోడలి ఇంట్లో వరలక్ష్మీ వ్రతం జరుగుతుండగా పంతులుగారు నోరు తెరిచి అలాగే ఆగిపోయారు. పంతులుగారంటే మనిషి కాదు, ఫోన్లో వీడియో. పసుపు డబ్బాకి ఆనించి నిలబెట్టిన ఫోను మధ్యలో ఒక చక్రం గిరగిరా తిరుగుతోంది. ఎనిమిది మంది ఆడవాళ్ళం గుప్పిట్లో అక్షతలు పట్టుకుని ఆ చక్రం వైపే చూస్తున్నాం. "ఒక్క నిమిషం ఆగండి, నెట్ వచ్చేస్తుంది" అంది మేనకోడలు. అక్షతలు చెమటకి అరచేతికి అంటుకుపోతున్నాయి. ఎవరూ వెయ్యరు, ఎవరూ దించరు. ఆ తరవాతి మాట ఏమిటో నాకు తెలుసు. దాని తరవాతి మాట కూడా తెలుసు. గొంతు దాకా వచ్చింది. అయినా నోరు విప్పలేదు. మంచినీళ్ళ వంక పెట్టి వంటింట్లోకి లేచిపోయి, బూరెల వాసన మధ్య కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను.

ఆ తిరుగుడు నాకు కొత్త కాదు. పదకొండేళ్ళ వయసులో పట్టుకుంది.

నాన్నకి విశాఖ పోర్టులో ఉద్యోగం రావడంతో మేము గోదావరి జిల్లా వదిలి వచ్చి కంచరపాలెంలో దిగాం. రైలు పట్టాలకి దగ్గర్లో పొడుగాటి పెంకుటిల్లు, వరసగా ఐదు వాటాలు, అందరికీ కలిపి ఒకటే నుయ్యి. మాది రెండో వాటా. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఆరేసిన బట్టల మీద నల్లటి దుమ్ము పడేది. నాన్నమ్మ రోజుకి రెండుసార్లు దేవుడి పటాలు తుడిచేది, రెండుసార్లూ గుడ్డ నల్లగానే వచ్చేది. గూడ్సు బండి వెళ్తుంటే గోడలు అదిరేవి. వ్రతం రోజున కలశం మీద కొబ్బరికాయ కూడా ఊగేది. "అమ్మవారు తల ఊపుతోంది" అని ఆడవాళ్ళందరూ దండం పెట్టేసేవారు. గూడ్సు బండికి అంత పుణ్యం ఇంకెక్కడా దక్కి ఉండదు.

శ్రావణ శుక్రవారం నాడు పంతులుగారు దొరకడం మాటలు కాదు. ఆయన స్కూటరు పెద్ద పెద్ద మేడల ముందు ఆగేది కానీ మా వాటాల ముందు ఎందుకు ఆగుతుంది? అందుకని అమ్మ పూర్ణా మార్కెట్టుకి వెళ్ళి, పసుపు కొమ్ములూ తమలపాకులతో పాటు వ్రతం క్యాసెట్టు ఒకటి కొనుక్కొచ్చింది. ఐదు వాటాలకీ టేప్‌రికార్డరు మాదొక్కటే. దానికి కూడా బొట్టు పెట్టి, పీట వేసి, కలశం పక్కన కూర్చోబెట్టేవాళ్ళం.

క్యాసెట్టులో గొంతు పెద్దాయనది. "ఇప్పుడు అక్షతలు దేవిపై వేయండి" అని మెల్లగా, గంభీరంగా చెప్పేవాడు. తోరం కట్టుకునే చోటికి ముందు చిన్నగా దగ్గేవాడు. సగం అయ్యాక "క్యాసెట్టును రెండో వైపునకు తిప్పుకొనగలరు" అనేవాడు. నేను ఆ క్యాసెట్టుని వ్రతం ఉన్నా లేకపోయినా వినేదాన్ని. హోంవర్కు చేస్తూ వినేదాన్ని, పేలు చూపించుకుంటూ వినేదాన్ని. ఎక్కడ గాలి పీల్చుకుంటాడో కూడా నాకు తెలుసు.

నాకు పదకొండేళ్ళప్పుడు వ్రతం మధ్యలో కరెంటు పోయింది. పెద్దాయన గొంతు సాగి సాగి ఆగిపోయింది. ఆడవాళ్ళందరూ గుప్పిట్లో అక్షతలతో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మధ్యలో ఆగితే అరిష్టమని నాలుగో వాటా ఆవిడ ఏడుపు మొహం పెట్టింది. నేను లేచి టేప్‌రికార్డరు పక్కన కూర్చుని, ఆయన ఎక్కడ ఆపాడో అక్కడే అందుకున్నాను. అదే గొంతు, అదే సాగదీత. దగ్గాల్సిన చోట దగ్గాను. "రెండో వైపునకు తిప్పుకొనగలరు" అని కూడా అన్నాను. మూడో వాటా అత్త అలవాటుగా చెయ్యి చాపి, కరెంటు లేని టేప్‌రికార్డరు మూత తీసి క్యాసెట్టు తిప్పేసింది. అప్పుడు అందరూ పడీ పడీ నవ్వారు. నాన్నమ్మయితే కళ్ళు తుడుచుకుంది.

వ్రతం పూర్తయింది. వాయనాల శనగలు నా ఒళ్ళో గుట్టగా పడ్డాయి. ఆ రోజు నుంచి నా పేరు క్యాసెట్టు పంతులమ్మ.

నాకు కొమ్ములు మొలిచాయని వేరే చెప్పాలా? వినాయక చవితికి వెనక వీధివాళ్ళు పిలిచారు, దసరాలకి పట్టాల అవతలివాళ్ళు పిలిచారు. పీట వేస్తేనే కూర్చునేదాన్ని. పువ్వు ముందు వేసినవాళ్ళని, అక్షతలు తరవాత వేసినవాళ్ళని కళ్ళతోనే బెదిరించేదాన్ని. అమ్మ వయసు ఆడవాళ్ళు "ఇప్పుడు వెయ్యమంటావా?" అని నన్ను అడుగుతుంటే నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

పూజ చివర క్షమాప్రార్థన ఉంటుంది. మంత్రంలో లోపమున్నా, చేతల్లో లోపమున్నా, భక్తిలోనే లోపమున్నా పూర్తయినట్టుగానే తీసుకోమని అమ్మవారిని వేడుకోవడం. నాకది చదవాలంటే ఒళ్ళు మండేది. నేను ఒక్క అక్షరం కూడా పోనివ్వలేదు కదా, క్షమాపణ దేనికి? అందుకని దసరాల నుంచి ఆ ముక్క ఎగరగొట్టేశాను. ఎవరూ గమనించలేదు, నాన్నమ్మ తప్ప.

"చివర్ది వదిలేశావేంటే?" అంది.

"తప్పులు చేసినవాళ్ళు చదువుకోవాలి నాన్నమ్మా. నేనేం తప్పు చేశానని?"

"తప్పు చెయ్యకపోతే మరీ మంచిది. చదివేస్తే నీ సొమ్మేం పోయిందే?"

నాన్నమ్మ లెక్క వేరు. దీపం వెలిగించే ముందే "తప్పయితే చూసుకో తల్లీ" అనేది. ఇంకా అగ్గిపుల్లే గీయలేదు, అప్పుడే తప్పేమిటి? నాకు నవ్వొచ్చేది. మూడో వాటా అత్త ఇంకా ఘోరం. ఆవిడది శ్రీకాకుళం వైపు పల్లెటూరు. భర్త పోర్టులో కలాసీ, ఓడల్లోంచి దిగే సరుకు దగ్గర పని. ఆవిడ ఎప్పుడు పూజకొచ్చినా గుమ్మం దగ్గరే గొంతుక్కూర్చునేది. "లోపలికి రా వదినా" అని అమ్మ పిలిస్తే, "ఒద్దొదినా, నాకేటి తెలుసు, ఇక్కడ్నించే దండం ఎట్టుకుంటాను" అనేది. అందరూ వేశాకే తన అక్షతలు వేసేది, అదీ దూరం నుంచి. అవి సగం కలశం మీద, సగం నా మీద పడేవి.

కార్తీకం చివర్లో ఆవిడ భర్త మీద సరుకు జారి పడి కాలు విరిగింది. పెద్దాసుపత్రిలో పడుకోబెట్టారు. ఆపరేషను చేసి రాడ్డు వెయ్యాలన్నారు. మళ్ళీ నడుస్తాడో లేదో ఆపరేషను తరవాతే చెప్తామన్నారు. అత్త పొద్దున్నే చద్దన్నం మూట కట్టుకుని ఆసుపత్రికి వెళ్ళేది, సాయంత్రం వచ్చి నూతి గట్టు మీద కూర్చునేది. ఆవిడ వాటాలోంచి రోజూ వచ్చే చేపల పులుసు వాసన ఆ రోజుల్లో రాలేదు. నాకది బాగా గుర్తు.

మార్గశిరం వచ్చింది. మార్గశిర గురువారాలంటే విశాఖ ఆడవాళ్ళ కాళ్ళు వన్ టౌన్ వైపే నడుస్తాయి. అక్కడ కనకమహాలక్ష్మి అమ్మవారు. ఆవిడ నెత్తిన కప్పు లేదు, ఆకాశమే. మధ్యలో ఎవరూ ఉండరు. ఎవరి పసుపు వాళ్ళే, ఎవరి పాలు వాళ్ళే, తమ చేత్తో అమ్మవారికి సమర్పించుకోవచ్చు. నేను అప్పటికి ఒక్కసారే చూశాను, అదీ నాన్న భుజం మీంచి.

మూడో గురువారానికి ముందు రోజు అత్త మా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒలమ్మా, నీతో పనుంది. సోమారం మీ మావకి ఆపరేసనంట. నాను అమ్మకి మొక్కుకున్నాను. ఆపరేసన్ ముందు నా సేత్తో పసుపు ఎడతానని. మొక్కైతే మొక్కీసేను గానీ నాకేటి తెలుసు, ఏటనాలో ఎలగ ఎట్టాలో. నువ్వు పక్కనుండి సెప్తే సేత్తాను. వత్తావేటమ్మా?"

నేను పెద్దమనిషిలా తల ఊపాను. స్కూలు మానేయడానికి ఇంతకంటే మంచి కారణం ఏముంటుంది?

బస్సు దిగి సందుల్లో నడిచాం. హోల్‌సేలు కొట్ల ముందు మూటలు, ఎండు మిరపకాయల ఘాటు, ఆటోల హారన్లు, వాటి మధ్యనే మొదలైంది క్యూ. అత్త చేతిలో స్టీలు గిన్నెలో పసుపు, కుంకుమ పొట్లం, చిన్న సీసాలో పాలు. గిన్నె మీద చెయ్యి కప్పి పట్టుకుంది, పోర్టు దుమ్ము పడుతుందేమోనని. "ముందేటి ఎయ్యాల? పాలా, పసుపా?" అని నాలుగుసార్లు అడిగింది. "అక్కడికెళ్ళాక చెప్తాను" అన్నాను. నాలో నేను క్యాసెట్టు మొదటి నుంచి తిప్పుకుంటున్నాను. అప్పుడే మొదటిసారి అనుమానం పుట్టింది. క్యాసెట్టు మొదలయ్యేది "పీటపై బియ్యము పోసి కలశము నుంచవలెను" అని. ఇక్కడ పీట లేదు, బియ్యం లేదు, కలశం లేదు. మరి ఎక్కడ్నించి అందుకోవాలి?

క్యూ వెనక్కి వెళ్ళదు కదా, ముందుకే పోతుంది. మా ముందు ఒక ముసలావిడ. చీర కుచ్చిళ్ళు దోపుకుని, తిన్నగా అమ్మవారి దగ్గరకెళ్ళి రెండు చేతులా పసుపు పూసి, ఏదో గొణిగి, బుగ్గలు నిమిరి పక్కకెళ్ళిపోయింది. మా వంతు వచ్చింది.

పసుపులో, కుంకుమలో మునిగిపోయి అమ్మవారు. పువ్వుల మధ్య నుంచి ఎడమ చేతి వైపు చూస్తే అక్కడ చెయ్యి పూర్తిగా లేదు. కర్పూరం పొగ, కొబ్బరి నీళ్ళ వాసన, పాదాల కింద తడి. వెనక నుంచి తోపులాట. "కదలండమ్మా, కదలండి" అని కేకలు.

"సెప్పమ్మా, ఏటనాల?" అంది అత్త. చేతి నిండా పసుపు.

నోరు తెరిచాను. పెద్దాయన రాలేదు. దగ్గు కూడా రాలేదు. నాలుగు నెలలుగా ఇరుగు పొరుగుకి పూజలు చేయించిన మనిషికి అమ్మవారి ఎదురుగా నిలబడితే తన మాట ఒక్కటీ లేదు. "తెలీదు అత్తా" అంటే సరిపోయేది. రెండు మాటలు. అవి రాలేదు.

వాటి బదులు వచ్చింది ఇది: "నువ్వు ముట్టుకోకూడదు అత్తా. మంత్రం వచ్చినవాళ్ళే ముట్టుకోవాలి. ఇలా ఇయ్యి."

అత్త నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తన చేతిలో పసుపు నా చేతిలోకి వంచేసి ఒక అడుగు వెనక్కి వేసింది. నేను అమ్మవారికి పసుపు పూశాను. పాలు పోశాను. పెదవులు ఊరికే కదిపాను. వెనక అత్త కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటోంది. జనం మమ్మల్ని బయటికి తోసేశారు.

తిరుగు బస్సులో అత్త నాకు వేరుశనగ ఉండ కొనిపెట్టింది. సగం తిని తక్కింది కిటికీలోంచి పారేశాను.

ఆ రోజు నుంచి ఒక చోట నిలవలేకపోయాను. తన చేత్తో పసుపు పెడతానని మొక్కుకున్న మనిషి చేతిలోంచి పసుపు లాక్కున్నాను. సోమవారం ఆపరేషను. మావయ్య కాలు నిలబడకపోతే అది నా వల్లే. గూడ్సు బండి వచ్చి గోడలు అదిరితే నా గుండె కూడా అదిరేది. గోడకున్న పటం ఊగినప్పుడు అమ్మవారు ఔనని కాక కాదని తల ఊపుతున్నట్టు అనిపించింది. శుక్రవారం అన్నం సహించలేదు. శనివారం దేవుడి గూటి ముందు కూర్చుని, నేను ఎగరగొట్టేసిన క్షమాప్రార్థనని ఇరవైసార్లు చదివాను.

నాన్నమ్మ వత్తులు చేసుకుంటూ చూస్తూనే ఉంది. "ఏం చేశావే?" అంది. చెప్పేశాను. ఏడుస్తూ, ముక్కు చీదుతూ అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

"మరి ఇక్కడ కూర్చుని ఎవర్ని అడుగుతున్నావే? పసుపు లాక్కున్నది అమ్మవారి దగ్గరా? మూడో వాటాకి వెళ్ళు" అంది.

రెండు వాటాలకీ మధ్య ఒక్క గోడే. ఆ నాలుగడుగులు వెయ్యడానికి నాకు ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. అత్త ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి దుప్పటి మడత పెడుతోంది. గుమ్మం దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఆవిడ మా ఇంట్లో కూర్చునే చోటే, ఆవిడ కూర్చునే తీరే.

"అత్తా, నాకు మంత్రం ఏదీ రాలేదు ఆ రోజు. ముట్టుకోకూడదని అబద్ధం చెప్పాను."

అత్త దుప్పటి మడత ఆపలేదు.

"తెలుసు."

"తెలుసా?"

"మన ముందు ముసిల్ది పసుపు పుయ్యడం నాను సూళ్ళేదేటి? దానికేటి మంత్రాలొచ్చు? ముట్టుకోవచ్చని నాకప్పుడే తెలిసిపోయింది."

"మరి పసుపు నాకెందుకిచ్చేశావు?"

అత్త దుప్పటి పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నీ పెదాలు వొణికిపోతన్నాయి. ఎనకాల జనం తోసేత్తన్నారు. నలుగుర్లోన సిన్నబోతావని ఇచ్చీసేను. సిన్న గుంటవి కదా."

"కానీ నీ మొక్కు..."

"మొక్కు తీర్లేదు. అక్కడే కళ్ళు మూసుకుని అమ్మకి సెప్పీసేను. ఈ గుంట బయపడిపోయింది, ఈపాలికి దీని సేతుల్లోంచి పుచ్చుకో, వచ్చే గురువారం నాను మళ్ళీ వత్తాను, అందాకా మావోడి కాలు నువ్వే సూసుకో అని. అమ్మ కాదంటాదేటి?"

మా గుమ్మం దాటి లోపలికి రాని మనిషి అమ్మవారితో గడువు మాట్లాడుకుని వచ్చింది. అదీ అంత తేలిగ్గా, నూతి దగ్గర బిందె అడిగినట్టు. పీట వేస్తేనే గానీ కూర్చోని నేను మాత్రం అమ్మవారి ఎదురుగా ఒక్క మాట అనలేకపోయాను. అప్పుడు నాకు అర్థమైందని చెప్పను. సిగ్గేసింది, అంతే. చాలా సిగ్గేసింది. అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

"ఆ తల్లికి ఓ సెయ్యి లేదు కదమ్మా" అంది అత్త, నా తల మీద చెయ్యి వేసి. "మనందరి సేతులూ ఆయమ్మవే. నీదైనా నాదైనా."

సోమవారం ఆపరేషను అయింది. మహిమ అని చెప్పుకునేంత ఏమీ జరగలేదు. మావయ్య చాలాకాలం కర్రతో నడిచాడు, తరవాత కర్ర లేకుండా కుంటుతూ నడిచాడు. బరువులెత్తే పని పోయి వేరే తేలిక పనిలో పెట్టారు. మూడో వాటాలోంచి మళ్ళీ చేపల పులుసు వాసన వచ్చింది.

ఆ గురువారం, మార్గశిరంలో చివరి గురువారం, అత్త నన్ను మళ్ళీ తీసుకెళ్ళింది. ఈసారి ఏమీ అడగలేదు. కుచ్చిళ్ళు దోపుకుని, తిన్నగా వెళ్ళి, రెండు చేతులా పసుపు పూసింది. "వచ్చీసేనమ్మా, సెప్పేను కదా" అంది. నేను పక్కన నిలబడ్డాను. అంతా అయ్యాక నా వైపు తిరిగి, "ఆకర్న తప్పులు కాయమని ఏదో సదువుతారు సూడు, అదొక్కటి సదివీ. అది నాకు రాదు" అంది.

చదివాను. పెద్దాయన గొంతుతో కాదు. సన్నగా, వణుకుతూ, మధ్యలో రెండుసార్లు తడబడుతూ, నా గొంతుతో చదివాను.

రెండేళ్ళకి మేము స్టీల్ ప్లాంటు వైపు ఇల్లు మారాం. పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టారని విన్నాను. నుయ్యి పూడ్చేశారట. అత్తావాళ్ళు సొంత ఊరు వెళ్ళిపోయారన్నారు, ఎవరికీ సరిగ్గా తెలియదు. క్యాసెట్టు ఎప్పుడో టేపు చిక్కుపడి పోయింది. నాన్నమ్మ కూడా పోయింది. ఇప్పుడు అగ్గిపుల్ల గీసే ముందే నేనూ అంటున్నాను, "తప్పయితే చూసుకో తల్లీ" అని.

వంటింట్లోంచి తిరిగొచ్చేసరికి మేనకోడలి ఫోన్లో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. "అత్తా, నీకు మొత్తం వచ్చట కదా, నువ్వు చదివెయ్" అంది. అందరూ నా వైపు తిరిగారు, నోట్లోంచి ఏదో మంత్రం ఊడిపడుతుందన్నట్టు. అక్షతలు వేసేసి, ఎవరి మాటల్లో వాళ్ళు చెప్పుకోమన్నాను. తరవాత ఒక్కొక్కరే గొణుక్కుంటూ వెయ్యడం మొదలుపెట్టారు. నేనూ పసుపు చేతిలోకి తీసుకున్నాను. వెంటనే అమ్మవారికి పెట్టలేదు. ఇన్నేళ్ళుగా ఉన్న అలవాటే, ఈసారి కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూశాను, ఇది ఎవరి చేతిలోంచి తీసుకున్నానో అని.